రచన నడుమ ప్రకటన

ఈ సంవత్సరం వార్షిక సంచికను అచ్చు వేయించటంతో పాటు అంతర్జాలంలో కూడ ఉంచవలెననీ, అందుకయ్యే ఖర్చు నిమిత్తం ప్రతి రచన నడుమ వంతులవారీగా మారుతూ వుండే వ్యాపార ప్రకటనలను చేర్చవచ్చుననీ కంప్యూటరు విభాగం విద్యార్థులు కొందరు ఒక సూచన చేసి వున్నారు. దీనికి ప్లగిన్ అనే చిన్న సాధనం చాలునట. దానిని ఒకసారి అమర్చి, ఎన్నవ పేరా తరువాత ప్రకటన రావలెనో చెప్పి వదలితే తక్కిన పని అదే చూచుకుంటుందట. సూచన చేసినవారు తెలివైన పిల్లలు. సంచిక పట్ల వారికి గల అభిమానం మెచ్చదగినది. ఐనను కార్యవర్గం వారు దీనిని ఆమోదించుటకు ముందు ఇందులోని మంచిచెడ్డలను కొంత విడమరచి చూడవలసి వున్నదని మేము భావిస్తున్నాము. సంచికలో వ్రాసేది విద్యార్థులు, చదివేది విద్యార్థులు. వారి రచన మధ్యకు ఎవరు వచ్చి కూర్చుంటున్నారో తెలిసికొనే బాధ్యత పెద్దలది.

మేము ప్రకటనలకు విరోధులము కాము. మన సంచిక వంటి కళాశాల సంచికలన్నీ ప్రకటనల మీదనే బ్రదికినవి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు, బట్టల అంగళ్ళు, జమ్మలమడుగు ఎరువుల వర్తకులు, పులివెందుల అరటికాయల మండీలవారు, మందుల షాపులవారు, పుస్తకాల అంగడివారు పూర్తి పేజీయో, అరపేజీయో, పావుపేజీయో ఇచ్చి వున్నందువలననే ఇటువంటి సంచికలు విద్యార్థులకు అందినవి. సంచిక చివరి పుటలు త్రిప్పి చూడండి. 'విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రం' అనే ఇంగ్లీషు మాటలు పైన, అంగడి పేరు క్రింద, నడుమ చాలా తెల్లకాగితం. ఆ ప్రకటన చూచి బంగారం కొన్నవారు ఎవరైనా వున్నారో లేదో మేము చెప్పలేము. ఇచ్చిన వర్తకునికి కూడ అట్టి ఆశ లేదు. తన పిల్లలో, తన అన్న పిల్లలో చదివిన కళాశాల అని, అడిగినవాడు తెలిసిన పిల్లవాడని, పేరు నలుగురి కంట పడితే మర్యాద అని ఇస్తాడు. అది సగం వ్యాపారం, సగం చదివింపు.

తెలుగు పత్రికల చరిత్రలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. 1908లో అక్కడినుండే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా వెలువరించారు. 1914లో అది మదరాసునుండి దినపత్రిక ఐనది. 1924లో 'భారతి' పుట్టింది. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం తెలుగు సాహిత్యానికి కాలువ కట్టి పారించిన మహనీయుడాయన. సంగీత సభలలో అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టి ప్రచారం చేసినవాడు కూడ ఆయనే. అటులనే మదరాసులో కేసరి కుటీరం నడిపిన డాక్టరు కె.ఎన్. కేసరిగారు స్త్రీల మందు 'లోధ్ర' అమ్మకంతో పాటు 1928నుండి 'గృహలక్ష్మి' పత్రికను నడిపారు. ఈ పత్రికలలో ఆ మందుల ప్రకటనలు వున్నవి, తప్పకుండా వున్నవి. కాని పాఠకునికి మందు ఎవరిదో తెలుసు, పత్రిక ఎవరిదో తెలుసు. తలనొప్పి తగ్గకపోతే ఎవరికి ఉత్తరం వ్రాయవలెనో కూడ తెలుసు.

దీనికి ఎదురు కొసన గాంధీగారు వున్నారు. దక్షిణాఫ్రికాలో 1903లో ప్రారంభమైన 'ఇండియన్ ఒపీనియన్'లో మొదట ప్రకటనలు వేసి, పిమ్మట వాటిని పూర్తిగా మానివేశారు. 'యంగ్ ఇండియా'ను కూడ ప్రకటనలు లేకుండనే నడిపారు. అది మహాత్ముల మార్గం. చందాదారుల మీదనే ఆధారపడి నిలువగలిగిన శక్తి 'యంగ్ ఇండియా'కు వుండినది. మన సంచికకు చందాదారులు లేరు, ప్రతి సంవత్సరం కొంత రుసుము కట్టే విద్యార్థులు వున్నారు. వారిలో అనేకులకు ఆ రుసుమే బరువు. కనుక ప్రకటన వద్దనటం మనకు తగిన మాట కాదు. వచ్చే ప్రకటన ఎవరిది, అది ఎక్కడ కూర్చుంటుంది, ఎవరు జవాబుదారి అనేవే మన ప్రశ్నలు.

ఈ సాధనం పని తీరును ముందుగా తెలిసికొందాము. అచ్చు సంచికలో ప్రకటనకు ఒక పుట వుంటుంది. కంపోజిటరు దానిని ఒకసారి బిగించిన తరువాత వేయి ప్రతులలోనూ అదే చోట అదే ప్రకటన వుంటుంది. తెర మీద అట్లు కాదు. రచన ఒక చోట వుంటుంది, ప్రకటనలు వేరొక చోట రాశిగా వుంటవి. పాఠకుడు రచనను తెరచిన క్షణాన సాధనం పేరాలను లెక్కపెడుతుంది. రెండవదాని తరువాత ఒకటి, ఐదవదాని తరువాత ఒకటి అని మనం చెప్పి వుంటే అక్కడ సందు చేసి, రాశిలోనుండి ఒక ప్రకటనను తీసి దూరుస్తుంది. మళ్ళీ తెరచినప్పుడు మరొకటి. ఏ ప్రకటనకు ఎక్కువ వంతులు, దేనికి తక్కువ అన్నది కూడ ముందుగా చెప్పి వుంచవచ్చును. ఆ రాశి రెండు విధాలుగా వుండవచ్చును. మనమే సేకరించి పెట్టుకొన్న పది, పదిహేను ప్రకటనలు కావచ్చును. లేదా, చోటును మాత్రం మనం ఇచ్చి, అందులో ఏమి వేయవలెనో నిర్ణయించే అధికారాన్ని దూరాన వున్న ప్రకటనల సంస్థకు అప్పగించవచ్చును. గూగులువారు 2003లో ప్రారంభించిన ఆడ్‌సెన్స్ ఈ రెండవ జాతికి చెందినది. ఈ రెండవ పద్ధతిలో పాఠకుడు అంతకు ముందు ఏమేమి వెదకినాడు, ఏయే ఊళ్ళు తిరిగినాడు అనే జాడలను బట్టి కూడ ప్రకటన మారుతుంది. ఒకే వ్యాసాన్ని ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు విద్యార్థులు తమ తమ ఫోనులలో తెరిస్తే ఇద్దరికీ రెండు వేర్వేరు ప్రకటనలు కనిపించవచ్చును. సంపాదకునికి ఆ రెండూ కనిపించవు. తన పత్రికలో పాఠకుడు ఏమి చూచినాడో సంపాదకుడు ఎరుగని స్థితి పత్రికల చరిత్రలో మునుపు లేదు.

ఇక్కడ ఉర్దూ పత్రికల మాట ఒకటి చెప్పవలసి వున్నది. 1927లో మదరాసులో మొదలైన 'ముసల్మాన్' దినపత్రికను కాతిబులు చేత్తో వ్రాసేవారు. కంప్యూటరు వచ్చిన తరువాత కూడ ఆ పద్ధతి అక్కడ ఎన్నో సంవత్సరాలు నిలిచినది. కాతిబు తన కలంతో వార్త వ్రాస్తూ పోయి, ఇష్తిహారుకు చోటు విడిచి, మళ్ళీ వార్త అందుకొంటాడు. ఏ వార్త ప్రక్కన ఏ ఇష్తిహారు వున్నదో ఆయన వ్రేళ్ళకు తెలుసు. మరణవార్త ప్రక్కన షాదీఖానా ప్రకటన వస్తే ఆయన కలం ఆగుతుంది. పేరాలు లెక్కపెట్టే సాధనానికి ఆగటం తెలియదు. దానికి అంకెలే తెలుసు.

ఈ అంకెల వలన కలిగే నష్టం వచనంలో కంటె పద్యంలో ఎక్కువ. దీనిని మా విద్యార్థులు గమనించినట్లు లేదు, కనుక కొంత వివరిస్తాము. తెర మీద ఎక్కించేటప్పుడు పద్యపాదాలను విడివిడి పంక్తులుగా చూపటానికి చాలమంది ప్రతి పాదం తరువాత ఎంటరు మీట నొక్కుతారు. అంటే సాధనం లెక్కలో ప్రతి పాదమూ ఒక పేరా. మూడవ పేరా తరువాత ప్రకటన అని చెప్పి వుంచితే వేమన ఆటవెలదిలో మూడవ పాదం ముగిసి మకుటం రావలసిన చోట ఎవరి మోటారు సైకిలో వచ్చి నిలుస్తుంది. సీసపద్యమైతే చెప్పనక్కరలేదు. ఎత్తుగీతికి చేరేలోపు రెండు మూడు అంగళ్ళు దాటవలసి వస్తుంది.

ఉర్దూ విభాగంలో పరిస్థితి ఇంకను కష్టం. గజలులో ప్రతి షేరుకూ రెండు మిస్రాలు. మొదటి మిస్రా ఒక మాట ఎత్తుతుంది, రెండవది దానిని తీరుస్తుంది. ముషాయిరాలకు వెళ్ళినవారికి తెలుసు: కవి మొదటి మిస్రా చదివి ఆగుతాడు, సభ దానిని మళ్ళీ చదివించుకొంటుంది, రెండవ మిస్రా ఏమై వుంటుందా అని ప్రతివాడూ తన మనసులో వెదకుకొంటాడు. ఆ ఖాళీ కవి శ్రోతకు ఇచ్చిన చోటు. సరిగ్గా ఆ ఖాళీలోనే ఈ సాధనం తన సరుకు దించుతుంది. పైగా కుడినుండి ఎడమకు చదివే కన్ను ఎడమనుండి కుడికి నడిచే ఇంగ్లీషు ప్రకటనను దాటి మళ్ళీ కుడి అంచును పట్టుకోవలసి వస్తుంది.

మన ప్రాంతపు పౌరాణిక నాటకాలలో మాత్రం నడుమ ప్రకటనలు లేవా అని ఎవరైనా అడుగవచ్చును. వున్నవి. శ్రీకృష్ణ పాత్రధారి పద్యం పాడి ఆగగానే మైకులో ఫలానా గ్రామం ఫలానా వారు ఇంత చదివించినారని వినిపిస్తుంది, హార్మోనియం శ్రుతి పట్టుకొని వుంటుంది, పాత్రధారి నమస్కరించి మరల పాత్రలోకి పోతాడు. రసభంగమని పండితులు విసుగుకొనే ఆచారమే. ఐతే పద్యం ముగిసేవరకు మైకు ఆగుతుంది. చదివించినవాడు ఎదుట చాప మీదనే కూర్చుని వుంటాడు. ఆకాశవాణిలో కూడ వ్యాపార ప్రకటన పాటకూ పాటకూ నడుమ వచ్చినదే గాని, పల్లవికీ చరణానికీ నడుమ వచ్చినట్లు మేము వినలేదు. అంతరాయం ఎక్కడ కలిగించవచ్చునో తెలిసినవాడే అంతరాయం కలిగించటం మర్యాద.

రసభంగం సాహిత్యాభిమానుల బాధ అని కార్యవర్గం వారు కొట్టివేయవచ్చును. అంతకంటె బరువైన సంగతి వేరొకటి వున్నది. అప్పగించిన చోటులో ఎవరు వస్తారు అన్నదే ఆ సంగతి. ఫోనులో క్షణాలలో అప్పు ఇస్తామనే యాప్‌ల ఆగడాలు 2020 చివరిలో హైదరాబాదు పోలీసుల కేసులవలన బయటపడినవి. తీసికొన్నది కొద్ది మొత్తం, కట్టవలసినది అనేక రెట్లు, కట్టలేనివాని బంధుమిత్రులందరికీ అవమానకరమైన సందేశాలు. ఆ వేధింపు భరించలేక ప్రాణాలు తీసికొన్నవారు వున్నారు. రిజర్వు బ్యాంకు 2022లో డిజిటలు అప్పులకు ప్రత్యేక నియమాలు చేయవలసి వచ్చినది. పందేల సంగతి కూడ అటువంటిదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినది. ఐనను పందేల సంస్థలు ఏదో ఒక ముసుగులో ప్రకటనలు ఇస్తూ వచ్చినందున 2022 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ పత్రికలను, టీవీలను, అంతర్జాల సంస్థలను హెచ్చరించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను కూడ నిషేధిస్తూ చట్టం చేసినది. ఇన్ని చేయవలసి వచ్చినదంటే ఆ ప్రకటనలు ఎంత దూరం చొచ్చుకొని వచ్చినవో ఊహించవచ్చును. క్రికెట్ పందేల వార్తలలో ప్రొద్దుటూరు పేరు కనబడినప్పుడెల్లా తల వంచుకొనే ఊరివారము మనము. మన పిల్లవాడు వ్రాసిన వ్యాసం నడుమ మన పిల్లవానికే అటువంటి ఆహ్వానం మన కళాశాల పేరు క్రింద అందటాన్ని ఏ కార్యవర్గ సభ్యుడు సహిస్తాడు?

ప్రకటనల సంస్థలకు నియమాలు వున్నవనీ, ఫలానా తరగతి ప్రకటనలు వద్దని ముందుగా గుర్తు పెట్టే వీలు వున్నదనీ విద్యార్థులు చెప్పుతున్నారు. నిజమే. కాని ఒక్కొక్క ప్రకటనను వచ్చినప్పుడెల్లా చూచేవాడు మనకు లేడు. సంచికకు సంపాదకులు సంవత్సరానికి ఒకమారు మారుతారు. ఈ సంవత్సరం పెట్టిన గుర్తులు మూడేళ్ళ తరువాత ఎవరు సరిచూస్తారు? అచ్చు సంచిక అల్మరాలో ముసలిదైపోతుంది, మాట మార్చదు. తెర మీది సంచిక మాత్రం మనం మరచిపోయిన తరువాత కూడ ప్రతిదినం కొత్త ప్రకటనను ధరించి నిలుస్తుంది.

ప్రకటన ప్రకటనగా కనబడకపోవటం మరొక కీడు. ఇది మన రాష్ట్రం చేదుగా నేర్చిన పాఠం. 2009 ఎన్నికలలో అభ్యర్థుల వద్ద డబ్బు తీసికొని వారి ప్రచారాన్ని వార్తలుగా అచ్చు వేసిన వ్యవహారం మీద ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘంవారు పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా పరిశీలన చేసినారు. తమ వృత్తిలోని తప్పును తామే లెక్కగట్టిన పాత్రికేయులను మెచ్చుకొనవలెను. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి వున్నారు. వారి నివేదిక 2010లో సిద్ధమైనను, పూర్తి పాఠం కేంద్ర సమాచార కమిషను ఆదేశం మీద 2011లో గాని బయటకు రాలేదు. ప్రకటనకూ వార్తకూ తేడా పాఠకునికి స్పష్టంగా కనిపించవలెనని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెప్పుతూనే వున్నది. ఇక తెర మీద సంగతి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మోసపు పోకడలను పేర్కొన్నది. రచనగానో, వార్తగానో వేషం వేసికొని రచనలో కలిసిపోయే ప్రకటన వాటిలో ఒకటి. వ్యాసం అక్షరాలే, వ్యాసం రంగే, వ్యాసం వెడల్పే ధరించి రెండు పేరాల నడుమ నిలిచే ప్రకటన ఈ కోవకు ఎంత దగ్గరగా వస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత చేసి వచ్చే డబ్బు ఎంత? తెలుగు రచనల ప్రక్కన గూగులు ప్రకటనలు వేసికొనే వీలు 2018లో గాని రాలేదు. అంతవరకు తెలుగులో ఎంత మంచి రచన వున్నను ఆ బజారులో దానికి వెల లేదు. వీలు వచ్చినందుకు తెలుగువారము సంతోషించవలసినదే. కాని ఆ లెక్క వేల, లక్షల దర్శనాల మీద నడిచే లెక్క. ఖాతాలో నూరు డాలర్లు జమ ఐనగాని సంస్థ చెల్లింపు చేయదు. కొన్ని వందల మంది, అదియు సంవత్సరంలో ఒక పక్షం రోజులు మాత్రమే చదివే కళాశాల సంచిక ఆ గీతను ఎన్ని సంవత్సరాలకు దాటుతుంది? అంతవరకు చోటు వారిది, పేరు మనది, డబ్బు గాలిలో. పోనీ మన పిల్లలే పదేపదే నొక్కి లెక్క పెంచుదామా అంటే అది నియమవిరుద్ధం, ఖాతాయే రద్దు కావచ్చును. కాగా, పులివెందుల అరటి మండీవారు ఇచ్చే పావుపేజీ సొమ్ము ఆ దినమే సంచిక పేర రసీదు పుస్తకంలో కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినది చూచి మేము ఈ సూచనను పూర్తిగా త్రోసివేస్తున్నామని అనుకొనవద్దు. అందులో ఒక మంచి భాగం వున్నది. అది ఏమనగా వంతు. కె.సి. కాలువ క్రింద సేద్యం చేసేవారి బిడ్డలకు వంతు అనే మాటను మేము వివరించనక్కరలేదు. తలదాపున వున్న మడికే నీరంతా పారకుండ, చివరి ఆయకట్టుకు కూడ తన దినం తనకు రావటమే వంతు. అచ్చు సంచికలో ఈ న్యాయం లేదు. వెనుక అట్ట ఎవరిది? ఎక్కువ ఇచ్చినవారిది. అట్ట లోపలి ప్రక్క, రంగుల పుట వారి తరువాత వారివి. జమ్మలమడుగులో టీ అంగడి నడుపుకొంటూ కూతురిని మన కళాశాలకు పంపే తండ్రి ఇచ్చిన చిన్న ప్రకటన నూరవ పుట మీద నలుగురి ప్రకటనల నడుమ ఇరుకున నిలుస్తుంది. వంతుల సాధనంలో ఆయన ప్రకటనకూ బంగారు అంగడి ప్రకటనకూ సమానంగా దినాలు వస్తవి. ఇది మాకు ఎంతో నచ్చిన విషయం. రాశి మనది కావలెను, వంతు అందరిదీ కావలెను అన్నదే మా అభిప్రాయం.

ఐతే ఒక చిక్కు వున్నది. రచన త్వరగా తెరచుకొనుటకై సర్వరు తరచుగా ఒక సిద్ధం చేసిన ప్రతిని దాచి వుంచి, వచ్చినవారందరికీ దానినే ఇస్తుందట. అప్పుడు దాచిన ప్రతిలో ఏ ప్రకటన చిక్కుకొన్నదో అదే అందరికీ కనబడుతుంది. వంతు పేరుకే మిగులుతుంది. తూము దగ్గర ఒకడు కూర్చుని పలకను అటే నిలిపివేసినట్లే ఇది. సాధనాన్ని అమర్చే విద్యార్థులు దీనిని సరిచూడక తప్పదు. డబ్బు తీసికొని వంతు ఇవ్వకపోతే అడుగవలసినవాడు జమ్మలమడుగులో వున్నాడు, ఆయన అడుగడు. అడుగనివాని లెక్కనే ముందు చూడవలెను.

మన రాశిలోని ప్రకటనలైనను ఎక్కడబడితే అక్కడ కూర్చొనరాదు. వరకట్నం మీద ఒక విద్యార్థిని వ్యాసం వ్రాసినదనుకొందాము. వరకట్న నిషేధ చట్టం వచ్చినది 1961లో. ఇన్ని దశాబ్దాల తరువాత కూడ పెండ్లిచూపులలో మొదటి ప్రశ్న తులాల లెక్కేనని ఆ బిడ్డ బాధతో వ్రాసినది. రెండవ పేరా ముగిసినది. వెంటనే నగలతో నిండిన వధువు బొమ్మ, పెండ్లిళ్ళ సీజను తగ్గింపు! బంగారానికి పేరుపొందిన ప్రొద్దుటూరులో ఇది వేళాకోళం కాదు, ప్రకటనల రాశిలో సగం బంగారు అంగళ్ళవే వుండే ఊరిలో నూటికి నూరుపాళ్ళు జరుగగల సంగతి. అంగడివాని తప్పు లేదు, ఆయన మంచి మనసుతో ఇచ్చినాడు. వ్రాసిన బిడ్డ తప్పు లేదు. ఆ బిడ్డ రచనను ఎగతాళి చేసినది మాత్రం మన సంచికే ఔతుంది. శ్రద్ధాంజలి పుటలూ అంతే. ఆ సంవత్సరం మనలను విడిచిపోయిన అధ్యాపకుని గురించి ఆయన శిష్యుడు వ్రాసిన నాలుగు మాటల నడుమ ఎవరికీ చోటు అమ్మరాదు.

కనుక ఎన్నవ పేరా అనే లెక్కను విడిచి, ప్రతి రచనలో ప్రకటనకు తగిన చోటును మనిషి గుర్తించవలెను. ఈ సాధనాలలో అట్టి వీలు వున్నదని విద్యార్థులే చెప్పినారు. రచనలో ఒక గుర్తు వుంచితే అక్కడే ప్రకటన వస్తుంది, గుర్తు లేని రచనను అది ముట్టదు. కవితలకు, గజళ్ళకు, శ్రద్ధాంజలులకు గుర్తే వద్దు. కథలో నడుమ చుక్కలు పెట్టి ఘట్టం మారిన చోట ఒకటి చాలు. దీర్ఘ వ్యాసాలలో ఉపశీర్షికకు ముందు. ప్రకటన పైన 'ప్రకటన' అనీ, ఉర్దూ వైపున 'ఇష్తిహార్' అనీ ఆయా లిపులలో స్పష్టంగా వుండవలెను. వ్యాసం రంగు, ప్రకటన రంగు వేరుగా వుండవలెను. బయటి సంస్థకు చోటు అప్పగించే మాటను ఈ సంవత్సరానికి పూర్తిగా విరమించుకోవటం మంచిది. 'విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రం' అనే మాటలను కూడ విడిచి, అంగడివారు ఏమి అమ్ముతారో, ఏ వీధిలో వుంటారో తెలుగులోనో ఉర్దూలోనో వ్రాయించుకొంటే చదివినవానికి కొంత పనికివస్తుంది. ఇది సాధనంతో సంబంధం లేని మాటే గాని, చాల కాలంగా చెప్పవలెనని వున్నది.

చోటులు గుర్తించే పని పెద్దది కాదు. తెలుగు విభాగంలో మేము ఇద్దరు విద్యార్థులతో కూర్చుంటే మూడు సాయంత్రాలలో ముగుస్తుంది. ఉర్దూ విభాగం పని మాత్రం ఉర్దూ అధ్యాపకులే చేయవలెను. గజలు ఎక్కడ ఆగి ఎక్కడ ఊపిరి తీసికొంటుందో మాకంటె వారికి బాగుగా తెలుసు. ప్రకటనల సేకరణకు ప్రొద్దుటూరు విద్యార్థులు సిద్ధంగా వున్నారు. జమ్మలమడుగు, పులివెందుల బస్సులలో వచ్చే విద్యార్థులు తమ తమ ఊళ్ళలో అడిగి, ఎవరు ఏమి ఇచ్చినదీ ఒక కాగితం మీద వ్రాసి, రసీదు పుస్తకంతో సహా సంక్రాంతి సెలవులకు ముందుగా సంపాదకవర్గానికి అందజేయగలరు. చిన్న అంగళ్ళను ముందు అడుగవలెనని మా మనవి. పెద్ద అంగళ్ళవారు ఎప్పుడు పోయినను ఇస్తారు.